ఆమ్లాలు – క్షారాలు – లవణాలు: తమ్ముళ్ళకు నాలుగు మాటలు



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయండని వార్డెన్ గారు అడిగినప్పుడు కొందరు కవితలన్నారు, కొందరు పొడుపు కథలన్నారు. పదో తరగతి చదువుతున్న మేము నలుగురం మాత్రం ఒక సైన్సు పాఠం రాస్తామన్నాం. "పుస్తకంలో ఉన్నదేగా, మళ్ళీ ఎందుకు?" అని మా గదిలోవాళ్ళే నవ్వారు. ఎందుకో ముందు చెప్పి, తరువాత పాఠంలోకి వెళతాం.

గత వేసవి సెలవుల్లో మాలో ఒకడి ఊళ్ళో ఒక సంగతి జరిగింది. పొరుగింటి ఆరేళ్ళ పిల్లవాడు ఎండలో ఆడి ఆడి వచ్చి, బాత్‌రూం గోడ మీద ఉన్న కూల్‌డ్రింక్ సీసా ఎత్తి ఒక గుక్క తాగాడు. అందులో ఉన్నది మరుగుదొడ్డి కడగడానికి విడిగా కొని తెచ్చి పోసిన యాసిడ్. పిల్లవాడు గిలగిల కొట్టుకుంటుంటే, ఉప్పునీళ్ళు తాగించి కక్కించమని ఒకరన్నారు. మావాడికి అప్పటికే పాఠం కంఠతా వచ్చు. "ఆమ్లానికి విరుగుడు క్షారం. సున్నపుతేట పట్టించండి" అన్నాడు. అదృష్టం కొద్దీ ఆ వీధిలోనే ఉండే ఆశా కార్యకర్త పరుగున వచ్చి రెండింటినీ ఆపింది. నోరు మాత్రం నీళ్ళతో కడిగించి 108కి ఫోను చేయించింది. పిల్లవాడు బతికాడు. కానీ చాలా రోజులు పాలు, గంజి తప్ప మింగలేకపోయాడు. "వాంతి చేయించినా, సున్నపునీళ్ళు పట్టించినా ఇంకా పెద్ద ప్రమాదం అయ్యేది" అని ఆస్పత్రిలో డాక్టరు గారు చెప్పారట.

పరీక్షలో నాలుగు మార్కులు తెచ్చే జవాబు అక్కడ ప్రాణం మీదికి తెచ్చేది! పాఠంలో తప్పు లేదు. మేము దాన్ని సగమే నేర్చుకున్నాం. ఆ మిగతా సగం కూడా కలిపి మీకు చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

పేర్లు ఎలా వచ్చాయి?

ఆమ్లం అనే సంస్కృత పదానికి పులుపు అని అర్థం. ఇంగ్లీషులో యాసిడ్ అనే మాట కూడా పులుపు అనే అర్థం ఉన్న లాటిన్ పదం నుంచే వచ్చింది. అంటే ఈ పదార్థాలను మనిషి ముందు నాలుకతోనే గుర్తుపట్టాడన్నమాట. మన హాస్టల్ వంటగదినే చూడండి. చారులో వేసే చింతపండులో టార్టారిక్ ఆమ్లం ఉంది. నిమ్మకాయలో సిట్రిక్ ఆమ్లం, పెరుగు మజ్జిగల్లో లాక్టిక్ ఆమ్లం ఉన్నాయి. ఉసిరికాయలో ఉండే సి విటమిన్ అసలు పేరు ఆస్కార్బిక్ ఆమ్లం. గోంగూర పులుపులో ఒకటి కాదు, అనేక ఆమ్లాలు కలిసి ఉంటాయి.

క్షారాలది వేరే గుణం. రుచికి చేదుగా, చేతికి జారుడుగా ఉంటాయి. సబ్బు నీళ్ళు, సున్నం, బూడిద నీళ్ళు ఈ జాతివే. ఆమ్లం, క్షారం కలిస్తే పుట్టేది లవణం. మనం తినే ఉప్పు లవణాలలో ఒకటి మాత్రమే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెబుతున్నాం. పాతకాలం వాళ్ళు రుచి చూసి పేర్లు పెట్టారు కదా అని మనం రుచి చూసి, వాసన పీల్చి, ముట్టుకుని తెలుసుకోవాలనుకోకూడదు. దానికి వేరే దారి ఉంది. ఆ దారి మన వంటగదిలోనే, పోపుల పెట్టెలోనే ఉంది.

పసుపు చెప్పే సాక్ష్యం

ఆదివారం నాడు బట్టలు ఉతుక్కునేటప్పుడు మీరు గమనించే ఉంటారు. యూనిఫాం చొక్కా మీద సాంబారు మరక పసుపుపచ్చగా ఉంటుంది. సబ్బు రాయగానే ఎర్రబడుతుంది. బాగా జాడిస్తే మళ్ళీ పసుపుపచ్చ అవుతుంది. మరకలోని పసుపు, క్షారం తగిలినప్పుడు రంగు మారుస్తుంది. ఇలా రంగు మార్చి గుణం చెప్పే పదార్థాన్ని సూచిక అంటారు. బడిలో వాడే లిట్మస్ కూడా ఇలాంటిదే. దాన్ని లైకెన్లు అనే చిన్న జీవుల నుంచి తీస్తారు. పూల రంగులతో ఆమ్లాలనూ క్షారాలనూ వేరు చేయవచ్చని రాబర్ట్ బాయిల్ అనే శాస్త్రవేత్త 1664లోనే రాశాడు.

పసుపు కాగితం ఇలా తయారు చేసుకోండి. చెంచాడు పసుపును నీళ్ళతో ముద్దగా కలిపి తెల్ల కాగితానికి పూసి నీడలో ఆరబెట్టండి. సన్నని ముక్కలుగా కత్తిరించి ఒక్కొక్క దాని మీద ఒక్కొక్క పదార్థం చుక్క వేయండి. మేము చేసినప్పుడు వచ్చినవి ఇవి:

సబ్బు నీళ్ళు – ఎరుపు
సున్నపుతేట – ముదురు ఎరుపు
కట్టెల బూడిద కలిపి వడకట్టిన నీళ్ళు – ఎరుపు
బట్టల సోడా నీళ్ళు – ఎరుపు
వంట సోడా నీళ్ళు – కొద్దిగా ఎరుపు
చింతపండు రసం, నిమ్మరసం, మజ్జిగ – మార్పు లేదు
ఉప్పు నీళ్ళు, మంచినీళ్ళు – మార్పు లేదు

చివరి రెండు వరుసలు చూడండి. చింతపండుకూ మార్పు లేదు, ఉప్పుకూ మార్పు లేదు. మరి రెండూ ఒకటేనా? కాదు. పసుపు కాగితం క్షారాన్ని మాత్రమే పట్టిస్తుంది. రంగు మారలేదంటే "ఇది క్షారం కాదు" అనే అర్థం, "ఇది ఆమ్లం" అని కాదు. ఆమ్లాన్ని పట్టుకోవాలంటే ఒక ఉపాయం ఉంది. ముందుగా కాగితాన్ని సున్నపుతేటతో ఎర్రగా చేయండి. ఆ ఎర్ర కాగితం మీద నిమ్మరసం చుక్క వేస్తే మళ్ళీ పసుపుపచ్చ అవుతుంది. ఉప్పు నీటి చుక్క వేస్తే ఎరుపు అలాగే ఉంటుంది. చుక్క మాత్రమే వేయాలి. ఎక్కువ పోస్తే సున్నం కొట్టుకుపోయి తప్పు జవాబు వస్తుంది. ఎర్ర మందార పూల రేకులను వేడినీళ్ళలో నానబెట్టిన రసం ఇంకా తేలిక. అది ఆమ్లంలో ముదురు గులాబీ రంగుకూ, క్షారంలో ఆకుపచ్చకూ మారుతుంది.

దిష్టి తీసే ఎర్రనీళ్ళు, పెళ్ళిలో కాళ్ళకు పెట్టే పారాణి కూడా పసుపు, సున్నం కలిపి చేసేవే. మన పెద్దవాళ్ళు తరతరాలుగా ఈ రసాయన మార్పును చేతులతో చేస్తూనే ఉన్నారు. దీన్ని ఎవరైనా మంత్రశక్తి అని చెప్పి డబ్బు గుంజితే మాత్రం నమ్మకండి. చేతికి సున్నం రాసుకుని పసుపు నీళ్ళను "నెత్తురు" చేయడం ఎవరికైనా వచ్చే పనే. 1988లో ఏర్పడిన జన విజ్ఞాన వేదిక వంటి సంస్థలు ఊరూరా ఇలాంటి గుట్టులే విప్పి చూపించాయి.

లోపల ఏం జరుగుతుంది?

స్వీడన్ దేశపు అర్హీనియస్ 1884లో తన పరిశోధన వ్యాసంలో ఒక కొత్త మాట చెప్పాడు. కొన్ని పదార్థాలు నీటిలో కరిగినప్పుడు విద్యుదావేశం ఉన్న ముక్కలుగా విడిపోతాయన్నాడు. వాటినే అయాన్లు అంటాం. మొదట చాలామంది నమ్మలేదు. 1903లో ఆయనకే నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన చెప్పిన ప్రకారం నీటిలో హైడ్రోజన్ అయాన్లను ఇచ్చేది ఆమ్లం, హైడ్రాక్సైడ్ అయాన్లను ఇచ్చేది క్షారం.

ఎంత ఆమ్లమో కొలవడానికి డెన్మార్క్ శాస్త్రవేత్త సోరెన్‌సన్ 1909లో పి.హెచ్. అనే కొలబద్ద పెట్టాడు. మామూలుగా 0 నుంచి 14 వరకు లెక్కిస్తారు. 7 అయితే తటస్థం. అంతకు తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం. నిమ్మరసం సుమారు 2, పెరుగు 4 నుంచి 4.5, పాలు 6.5కు పైన, మన రక్తం సుమారు 7.4, వంట సోడా నీళ్ళు సుమారు 8.3, సున్నపుతేట 12కు పైన ఉంటాయి. ఈ కొలబద్దలో ఒక మెట్టు దిగితే పదిరెట్లు, రెండు మెట్లు దిగితే వందరెట్లు అని గుర్తుంచుకోండి. అంకెలు దగ్గరగా ఉన్నాయి కదా అని పదార్థాలు ఒకటే అనుకోకూడదు.

ఆమ్లం అనగానే భయపడాలా?

అవసరం లేదు. మన పొట్టలోనే హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఊరుతుంది. తిన్న గుడ్డు, పప్పు అరగడానికి అది కావాలి. తిండితో వచ్చే క్రిములు చాలావరకు అక్కడే చస్తాయి. బడిలో ఇచ్చే ఐరన్ మాత్రలో ఫోలిక్ ఆమ్లం కూడా ఉంటుంది. రక్తం పట్టడానికి అది అవసరం. దాన్ని ప్రయోగశాలలో తయారు చేసే పద్ధతిని 1945లో అమెరికాలో సాధించిన బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే.

మరుగుదొడ్డి కడిగే యాసిడ్ కూడా హైడ్రోక్లోరిక్ ఆమ్లమే. పొట్టలోనిదీ అదే, సీసాలోనిదీ అదే అయితే సీసాలోది ఎందుకు కాలుస్తుంది? తేడా గాఢతలో ఉంది. పొట్టలోది పలుచన. పైగా పొట్ట గోడకు జిగురు పొర కాపలా ఉంటుంది. నోటికీ, గొంతుకూ, కంటికీ ఆ కాపలా లేదు. పేరు ఒకటే అయినా పాళ్ళు మారితే పని మారుతుంది.

ఆమ్లం లోహాన్ని తింటుంది కూడా. చింతపండుతో తోమితే ఇత్తడి చెంబు తళతళలాడేది పైనున్న చిలుమును ఆమ్లం కరిగించడం వల్లే. అందుకే పూర్వం ఇత్తడి గిన్నెలకు కళాయి పూయించకుండా పులుసు కాచేవాళ్ళు కాదు. ఆవకాయను జాడీలో పెట్టడానికీ కారణం ఇదే.

క్షారాన్ని తేలిగ్గా తీసుకోవద్దు

యాసిడ్ అంటే అందరికీ భయమే, సున్నమంటే ఎవరికీ భయం లేదు. ఇది పొరపాటు. మన జిల్లాలోనే జగ్గయ్యపేట ప్రాంతంలో సున్నపురాయి దొరుకుతుంది. అందుకే అక్కడ సిమెంటు ఫ్యాక్టరీలు వెలిశాయి. సున్నపురాయిని బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే పొడి సున్నం వస్తుంది. దాని మీద నీళ్ళు పోస్తే సలసల మరుగుతుంది. ఆ నీళ్ళు ఒంటి మీద చిందితే బొబ్బలెక్కుతాయి. కంట్లో పడితే సున్నం యాసిడ్ కన్నా ప్రమాదం. ఎందుకంటే క్షారం కంటి పొరను కరిగించుకుంటూ లోపలికి దిగుతూ పోతుంది. ఇంట్లో తమలపాకుల పళ్ళెంలోని సున్నం పొట్లాన్ని చిన్నపిల్లలు నొక్కి ఆడకుండా చూడండి. కంట్లో పడితే ఆలస్యం చేయకుండా ధారగా నీళ్ళు పోస్తూ కనీసం పావుగంట కడగాలి. ఆ తరువాత డాక్టరుకు చూపించాలి.

లవణాలు, తటస్థీకరణం

ఆమ్లం, క్షారం తగిన పాళ్ళలో కలిస్తే ఒకదాని గుణాన్ని ఒకటి పోగొట్టుకుంటాయి. దీన్ని తటస్థీకరణం అంటారు.

హైడ్రోక్లోరిక్ ఆమ్లం + సోడియం హైడ్రాక్సైడ్ → సోడియం క్లోరైడ్ + నీరు + వేడి

పరీక్షలో మనం చివరి మాట రాయడం మరిచిపోతాం. మార్కులు పోకపోవచ్చు. కానీ ఈ వ్యాసంలో అన్నింటికన్నా ముఖ్యమైన మాట అదే. దాని సంగతి చివరిలో చెబుతాం.

సోడియం క్లోరైడ్ అంటే మన ఉప్పు. లీటరు సముద్రపు నీటిలో అన్ని లవణాలూ కలిపి సుమారు 35 గ్రాములుంటాయి. చినగంజాం వైపు వెళితే మళ్ళలో నీళ్ళు పెట్టి ఎండబెట్టి ఉప్పు తీయడం చూడవచ్చు. ఈ ఉప్పు మీద పన్నును ధిక్కరించడానికే గాంధీ గారు 1930 ఏప్రిల్ 6న దండి తీరంలో పిడికెడు ఉప్పు పట్టుకున్నారు.

తటస్థీకరణం చూడాలంటే లాబొరేటరీకి పోనక్కరలేదు. మన తిరువూరు, నూజివీడు ప్రాంతం మామిడికి పేరు. తోటల్లో తెగుళ్ళకు కొట్టే బోర్డో మిశ్రమం మీలో చాలామంది ఇళ్ళల్లో తెలిసిందే. 1 కిలో మైలుతుత్తం, 1 కిలో సున్నం, 100 లీటర్ల నీళ్ళు. రెండింటినీ విడివిడిగా ప్లాస్టిక్ డ్రమ్ముల్లో కరిగించి కలుపుతారు. మైలుతుత్తం లవణమే. అయినా దాని నీళ్ళకు ఆమ్ల గుణం ఉంటుంది. సున్నం దాన్ని విరుస్తుంది. సున్నం చాలకపోతే ఆకు మాడిపోతుంది. అందుకే రైతు కలిపిన మందులో ఇనుప కత్తి ముంచి చూస్తాడు. కత్తికి ఎర్రటి రాగి పూత పడితే ఇంకా ఆమ్లం ఉన్నట్టే, మరికాస్త సున్నం కలుపుతాడు. చదువుకోని తాత కూడా చేసే పరీక్ష ఇది!

ఈ మందు కథ కూడా బాగుంటుంది. ఫ్రాన్స్‌లో బోర్డో అనే ప్రాంతంలో దారినపోయేవాళ్ళు ద్రాక్ష కోసుకుపోకుండా, చూడ్డానికి విషంలా ఉండాలని రైతులు బాట పక్క తీగలకు మైలుతుత్తం, సున్నం చల్లేవారట. ఆ తీగలకు తెగులు రాకపోవడం మిలార్డే అనే శాస్త్రవేత్త గమనించాడు. 1885లో దాన్ని ప్రపంచానికి చెప్పాడు. మామిడికాయలు దొంగిలించే మనలాంటి వాళ్ళ వల్లే ఒక మందు పుట్టిందన్నమాట!

లవణాలన్నీ తటస్థం కావని మైలుతుత్తంతో తెలిసింది కదా. బట్టల సోడా కూడా లవణమే, కానీ పసుపు కాగితాన్ని ఎర్రగా మార్చింది. మురికి నీటిని తేర్చే పటిక మరో లవణం. నీటిలో ఎక్కువైన ఫ్లోరైడును తీయడానికి నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం వాడి ఒక పద్ధతి రూపొందించింది. దానికి "నల్లగొండ పద్ధతి" అని పేరు. ఫ్లోరైడు బాధ ఎక్కువగా పడిన మన తెలుగు జిల్లా పేరది. లీటరు తాగునీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. అంతకు మించిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే పళ్ళు గారపడతాయి, ఎముకలు వంకర్లు పోతాయి. లవణం లేనిదే బతకలేం, పాళ్ళు తప్పితే బాగా బతకలేం.

మళ్ళీ ఆ సీసా దగ్గరికి

ఇప్పుడు మావాడి పొరపాటు చూడండి. ఆమ్లానికి క్షారం విరుగుడు అన్నది నిజమే. కానీ తటస్థీకరణంలో వేడి పుడుతుంది. యాసిడ్‌తో కాలిన గొంతులో సున్నపుతేట పోస్తే ఆ వేడికి ఇంకా కాలుతుంది. వంట సోడా పోస్తే గ్యాసు పొంగి పుండుపడిన పేగు చిల్లు పడవచ్చు. ఎంత ఆమ్లం లోపలికి పోయిందో తెలియదు కనుక ఎంత క్షారం పోయాలో కూడా తెలియదు. డ్రమ్ములో అయితే కత్తి ముంచి చూడవచ్చు, పొట్టలో ముంచలేం కదా! వాంతి చేయిస్తే దిగేటప్పుడు కాల్చిన ఆమ్లమే ఎక్కేటప్పుడు మళ్ళీ కాలుస్తుంది.

పులితేన్పులకు డాక్టరు ఇచ్చే మాత్ర కూడా తటస్థీకరణమే కదా అని మీరు అడగవచ్చు. నిజమే. అందులో మెగ్నీషియం హైడ్రాక్సైడ్ వంటి బలహీనమైన క్షారం కొలత ప్రకారం ఉంటుంది. మామిడి తోటలో ఆకులు కలిపి గూళ్ళు కట్టే ఎర్ర చీమలు చిమ్మేది ఫార్మిక్ ఆమ్లం. అక్కడ కాస్త వంట సోడా నీళ్ళు రాయవచ్చు. తేలు, పాము విషాలు అలా కాదు. అవి ప్రోటీన్లతో కూడినవి. చింతపిక్క అరగదీసి అంటించినా, సున్నం రాసినా విరగవు. ఆస్పత్రికే పోవాలి.

అందుకని ఈ నాలుగూ గుర్తుపెట్టుకోండి.

1. యాసిడ్‌ను, ఫినాయిల్‌ను మంచినీళ్ళ సీసాలో, కూల్‌డ్రింక్ సీసాలో ఎప్పుడూ పోయకూడదు. ఇంట్లో ఉంటే ఈ సెలవులకు వెళ్ళగానే తీయించండి. 2013లో సుప్రీం కోర్టు ఆదేశాల ప్రకారం 18 ఏళ్ళు నిండనివారికి యాసిడ్ అమ్మకూడదు.

2. యాసిడ్‌ను, బ్లీచింగ్ పౌడర్‌ను కలపకూడదు. కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. 1915లో మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికులను చంపడానికి వాడిన వాయువు అదే.

3. బడిలో ఆమ్లాన్ని పలుచన చేసేటప్పుడు నీళ్ళలో ఆమ్లం పోయాలి. ఆమ్లంలో నీళ్ళు పోస్తే ఒక్కసారిగా మరిగి ముఖాన చిందుతుంది. మాస్టారు లేకుండా అసలు ముట్టుకోవద్దు.

4. ఒంటి మీద పడితే ధారగా నీళ్ళు పోయండి. మింగితే నోరు కడిగించి, వాంతి చేయించకుండా, విరుగుడు పోయకుండా 108కి ఫోను చేయండి. ఆ సీసా కూడా వెంట తీసుకెళ్ళండి. 108 సేవ ఉమ్మడి రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న మొదలైంది. దానికి డబ్బు కట్టనక్కరలేదని మన ఊళ్ళల్లో ఇంకా కొందరికి తెలియదు. చెప్పండి.

తమ్ముళ్ళారా! మనలో చాలామంది ఇళ్ళల్లో సీసా మీది అక్షరాలు చదవగలిగే మొదటివాళ్ళం మనమే. అమ్మానాన్నలు మనల్ని హాస్టల్‌కు పంపింది మార్కుల కోసమే అయినా, సెలవులకు వెళ్ళినప్పుడు వాళ్ళకు మన చదువు అక్కరకు రావాలి. ఈ సంచికతో పాటు ఒక పసుపు కాగితం ముక్క కూడా మీ ట్రంకు పెట్టెలో పెట్టుకుని వెళ్ళండి. ఇంటికి పోగానే చెల్లెలికి, తమ్ముడికి చేసి చూపించండి. ఆ తరువాత బాత్‌రూం గోడ మీద ఏ సీసా ఉందో ఒకసారి చూడండి.

ఆ పిల్లవాడు ఇప్పుడు అన్నీ తింటున్నాడు. మావాడు ఊరికి వెళ్ళినప్పుడల్లా వాళ్ళింటికి పోయి వస్తున్నాడు. ఈ వ్యాసం రాద్దామన్నది కూడా వాడే.

– పదో తరగతి విద్యార్థులు, తిరువూరు